పులిసిందన్న సీసా

వైన్ షాపు కౌంటర్ మీద ఒకాయన సగం ఖాళీ అయిన సీసా టక్కున పెట్టాడు.

"నిన్న తక్కువ ధరలో, హాయిగా ఉండే తెల్ల వైన్ అడిగితే దీన్ని అంటగట్టారు. పులిసిపోయింది."

షాపతను గ్లాసులో కొంచెం పోసుకుని రుచి చూశాడు.

"బాగానే ఉందండీ. దీని రుచే కాస్త పులుపు. చల్లగా తాగితే ప్రాణం లేచొస్తుంది. మొదటిసారా?"

ఆయనకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మా ఆవిడ కూడా బాగుందనే అంది."

"మరింకేం?"

"నీకేం తెలుసు, ఎండలో పెట్టి పాడుచేశావని చుట్టాల ముందు ఆవిడను కసిరాను. తన గ్లాసు తీసుకెళ్ళి సింకులో ఒంపేశాను."

షాపతను సీసాకు మూత బిగించాడు.

"తియ్యటిది ఇమ్మంటారా?"

"వద్దు, ఇదే ఇంకోటివ్వండి. ఆవిడ బయట బండి దగ్గరుంది. ఇది పాడవలేదని కాస్త మీరొచ్చి చెబుతారా?"

"ఆ మాట ఆవిడ నిన్ననే చెప్పారుగా అండీ."