ఏడో ఎక్కంలో విరిగిన మెట్టు

నువ్వు నమ్మవమ్మాయ్, ఎన్ని ఒట్లేసినా నమ్మవు, అయినా చెప్తా. ముందు ఆ ఫోను కట్టెయ్. అది పాడుతూ కూర్చుంటే నీ కూతురికి పాటొస్తుంది గానీ ఎక్కాలెక్కడొస్తాయి? మా మేనత్త చెప్పేది చూడూ, అదీ చెప్పడమంటే. నువ్వు పుట్టకముందే పోయిందిలే. మేముండే నాలుగంతస్తుల మేడకి మెట్లు ఊడవడం, కడగడం ఆవిడ పని. సంతకం పెట్టమంటే బొటనవేలు చూపించేది. కానీ చిన్నప్పుడు బడి వరండా ఊడుస్తూ లోపల పిల్లలు అరిచే ఎక్కాలన్నీ చెవిలో వేసుకుంది. అవి చెక్కమెట్లు. అంతస్తుకి రెండు వరసలు, వరసకి పది మెట్లు. అడుగు వరస రెండో ఎక్కం, దాని పైది మూడోది, అలా లెక్కేసుకో, మూడో అంతస్తుకి చేర్చే వరస ఏడోది. మెట్టు మెట్టుకీ లెక్క చెప్పి కాలెయ్యాలి. తప్పితే మళ్లీ కిందనుంచి. మేడ మొత్తానికి మేం పదకొండుమంది పిల్లలం. ఆవిడకి పిల్లల్లేరు. సాయంత్రం చీపురు మూలపెట్టి గంటసేపు మమ్మల్ని ఎక్కించేది, ఆ గంట కోసమే పొద్దుటినుంచీ ఊడుస్తోందా అన్నట్టుండేది. నేనా? నాతో సమానం ఎవడున్నాడు? ఓసారి తొమ్మిదో ఎక్కం ఎంత జోరుగా చెప్పానంటే, మెట్లైపోయినా ఆగక గాల్లో ఇంకో మూడు ఎక్కేశా. నవ్వు, నవ్వు. పడలేదు మరి, మెల్లిగా దిగొచ్చా.

ఏం చెప్తున్నా? ఆఁ, ఏడో వరస. ఎవరో ఇనప బీరువా పైకి మోయిస్తుంటే ఎనిమిదో మెట్టు ఫెళ్లున విరిగింది. మేడ యజమాని రేపు చేయిస్తానన్నాడు. ఆ రేపు రెండేళ్లైనా రాలేదు. మరి మేం? ఏడేళ్లు నలభై తొమ్మిది అనేవాళ్లం, అత్త కిందనుంచి "కాలు జాగ్రత్త" అని కేకేసేది, మేమూ కాలు జాగ్రత్త అంటూ గెంతేవాళ్లం, ఏడు తొమ్ములు అరవై మూడు. అలా యాభై ఆరు ఆ సందులో పడి పోయింది, ఎవరికీ తెలీలేదు. బడిలో ఓ టీచరుండేది, సన్నగా నిటారుగా, స్కేలు టీచరనేవాళ్లం. అందరికంటే తెలివైనవాణ్ణని నన్నే లేపింది. ఏడెనిమిదులెంతరా అంది. కాలు జాగ్రత్త టీచర్ అన్నా. పాపం వంగి కాలు చూసుకుంది. పక్కవాణ్ణి అడిగింది, వాడూ అదే. మా మేడ పిల్లలు పదకొండుమందీ అదే, పైగా ఒక్కొక్కడూ ఉన్నచోటే చిన్న గెంతు గెంతుతూ.

సాయంత్రానికి టీచర్ మా మేడకే వచ్చేసింది. అద్దెకున్న వాళ్లంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా అంది కదా, "చదువు రానివాళ్లు చదువు చెప్తే ఇంతేనమ్మా. రేపటినుంచి పిల్లల్ని మీ దగ్గరికి పంపొద్దని ఇంటింటికీ చెప్పే పోతాను." మా అత్త నోరు మామూలుది కాదు, కసిరితే పాలవాడు రెండో వీధిలోంచే తిరిగి పోయేవాడు. ఆ నోటితోనే ఆ రోజు బతిమాలింది. ఒక్క వారం గడువడిగింది. శనివారం వచ్చి మీరే వినండి, ఒక్కడు తప్పినా ఇక ఎక్కాల మాటెత్తనంది.

యజమాని దగ్గరికి పరిగెత్తిందా, వాడు మళ్లీ రేపన్నాడు. వచ్చి ఏడో మెట్టు మీద కూలబడి, ఆ సందుకి అడ్డంగా మోకాలు పెట్టింది. "ఇదే యాభై ఆరు. చెప్పి తొక్కండి" అంది. పెద్దావిణ్ణి తొక్కడమేంటని మేం నసిగితే, తొక్కకపోతే వీపులు పగులుతాయంది. మరిచిపోయినవాడికి మోకాలు లాగేసేది. బొద్దు వెధవొకడుండేవాడు, వాడొస్తుంటే కళ్లు మూసుకునేది. నేను తొక్కినట్టే తెలిసేది కాదులే, అంత తేలిక.

శనివారం టీచరొచ్చింది. పదకొండుమందిమీ గడగడా చెప్పుకుంటూ పైకి పోయాం. నమ్మలేదు మనిషి. ఇందులో ఏదో కిటుకుంది, నేనూ ఎక్కి చూస్తానంది. ఏడేళ్లు నలభై తొమ్మిది దాకా బాగానే వచ్చింది. అక్కడ కిందికి చూసింది. చీకటి సందు. దాని మీద వాచిపోయిన మోకాలు. ఒక కాలు గాల్లో పెట్టి ఆగిపోయింది. "ఏడెనిమిదులు..." అంటుంది, ఆ మోకాలు చూస్తుంది, మళ్లీ "ఏడెనిమిదులు..." అంటుంది. పైనుంచి మేం నోరు తెరవబోతే అత్త కసిరింది, "ఎవరూ అందించొద్దు." మళ్లీ టీచర్ వైపు తిరిగి, ఎంత మెత్తగానో, "తొందరేం లేదు టీచర్‌గారూ. కిందికెళ్లి మొదటినుంచి రండి, వచ్చేస్తుంది."

కిందికెళ్లింది. ఎక్కలేదు. సోమవారం నుంచి తన క్లాసులో వెనకబడ్డ నలుగుర్ని మా మేడకే పంపింది, వడ్రంగిని కూడా తనే తీసుకొచ్చింది. అత్త మోకాలు మాత్రం మళ్లీ సరిగ్గా మడవలేదమ్మాయ్. పదకొండుమంది, రోజుకి నాలుగేసిసార్లు, ఆరు రోజులు. నా బరువు కూడా ఉందిలే అందులో.

...

ఏంటా చూపు? అబద్ధమా? సరే, అత్త పోయింది, టీచర్ పోయింది, మేడ కూల్చేశారు, పదకొండుమందిలో నేనొక్కణ్ణే మిగిలా. పో, నేను చెప్పింది అబద్ధమనేవాణ్ణి ఒక్కణ్ణి పట్టుకురా చూద్దాం.