శత్రువు మీసాలు

2002లో దీపావళి మర్నాడు, గౌలిపురలో పశువుల కొట్టం మీది గదిలో ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చున్నారు. అంతరిక్ష యుద్ధం ఆటకు బొమ్మలు గీసేది శ్రీశైలం. అందులో శత్రు సేనాపతికి తెలివి రాసేది రాగసుధ. ఆట కొనే కంపెనీ ఆయన మరో గంటలో వస్తాడు. కింద శ్రీశైలం వాళ్ల బాపు రేపటి దున్నపోతుల పండుగ సదర్ ఊరేగింపు కోసం దున్నపోతుకు నూనె రాస్తున్నాడు.

"మీ గ్రహానికి ఏడు వలయాలెందుకండీ? వాటిని గీయలేక కంప్యూటర్ చస్తోంది. నా సేనాపతి ఎత్తు వేయడానికి నిమిషం పడుతోంది."

"నిమిషం సేపు ఉత్తగ కూసోవెడితే కంపెనీ ఆయన లేసి పోతడు మేడం. రంగులుంటే ఆగుతడు."

"రేపు దున్నపోతుకు పూసలు, నెమలీకలు కడతారు కదా. అది పాలిస్తుందా?"

"ఇయ్యదు. గని బస్తీ అంత దాన్నే చూస్తది. పాలిచ్చే బర్రె దిక్కు ఎవ్వరు చూడరు."

"ఎల్లుండి పొద్దున ఆ బస్తీ వాళ్లే చెంబు పట్టుకుని దేని దగ్గరికి వస్తారు?"

పాలమ్మే ఇంట్లో పుట్టిన శ్రీశైలం మనసు చంపుకుని ఆరు వలయాలు చెరిపేశాడు. మళ్లీ ఆడి చూశారు. సేనాపతి ఇంకా అరనిమిషం ఆలోచిస్తూనే ఉన్నాడు.

"మేడం, ఆలోచించినంతసేపు వాన్ని మీసాలు తిప్పనియ్యుండ్రి. అది చిన్న బొమ్మనే, కంప్యూటర్‌కు బరువు కాదు. కంపెనీ ఆయన ఆ మీసాలు చూస్తుంటడు, మీ లెక్క మీరు చేసుకోండ్రి."

రాగసుధ కుర్చీ పక్కకు జరిపి, మౌస్ శ్రీశైలం వైపు తోసింది.

"అరనిమిషం తిప్పాలంటే కాస్త పొడుగ్గా గీయండి."