కోడికాలి పన్నుపోటు

ఎండాకాలం సెలవులకు చుట్టాలందరినీ పిలిచి, డాబా మీద కోడి కాల్చుకుని తినాలని ఆ ఇంట్లో తీర్మానం జరిగింది. భర్త ఇనుప పొయ్యికి పట్టిన తుప్పు గీకుతున్నాడు. భార్య ఎవరికి ఏ పనో తేలుస్తోంది.

“పొయ్యి దగ్గర మా అన్నయ్య ఉంటాడు. మీకు ఉల్లిపాయల కోతలు.”

“నాకు కోతలా?”

“కోతలు కోయడంలో మిమ్మల్ని మించినవాళ్ళు ఎవరున్నారండీ?”

“అది కాదే! ఈసారి కూడా కాల్చేది నేనేనని అందరికీ చెప్పేశాను. పరువు పోతుంది.”

“పోయినేడు పోయింది చాలు. మీరు కాల్చిన కోడికాలు కొరికి మా చెల్లెలి మొగుడి పన్ను ఊడింది.”

“ప్రభుత్వాలు పన్ను వేస్తాయే కానీ తీసేస్తాయా? నా తోడల్లుడికి ఆ ఉపకారం నేను చేశాను!”

“అందుకే పొద్దున ఫోన్ చేశారు. పొయ్యి దగ్గర మీరుంటే రానన్నారు.”

గీకుతున్న చెయ్యి ఆగింది.

“సరే, కత్తి ఇటివ్వు. ఉల్లిపాయలైతే కళ్ళనీళ్ళు వచ్చినా ఎందుకని ఎవరూ అడగరు.”

“ముందు నేనేమన్నానో వినండి. ‘మా ఇంట్లో కాల్చేది మా ఆయనే. పళ్ళ మీద అంత ప్రేముంటే ఇంట్లో దాచి రండి’ అన్నాను.”

అతని ముఖం బొగ్గు రాజుకున్నట్టు వెలిగింది.

“మరి పొయ్యి దగ్గర మీ అన్నయ్య ఎందుకు?”

“నీళ్ళ బకెట్ పట్టుకోడానికి.”

“ఇంతకీ తోడల్లుడు వస్తాడా?”

“వస్తారట. పళ్ళు కూడా తెస్తారట.”

“తోటవా, కట్టుడువా?”