దోర్కా జోలపాట

ఖరిదా అనే రైల్వే పేటలో సమూయేలు మాస్టారి వరండా. రైళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పొద్దుటి డ్యూటీ దిగి, ఇంటికైనా పోకుండా నేరుగా వచ్చింది దోర్కా. నడుము లాగేస్తోంది. ఒళ్ళో గిటారు.

"ఆగమ్మా దోర్కా, ఆగు. ఆ సీ కార్డు మళ్ళీ సచ్చిపోనాది."

"నొక్కుతానే ఉన్నాను మాస్టారూ. నా వేలే నా మాట ఇనడం లేదు. పొద్దున్నించీ తడి దుప్పట్లే గదా, సివర్లు నానిపోనాయి. తీగ కోసేస్తంది."

"అయితే ఈపూటకి ఒగ్గీయ్. టోటో రిక్షా ఎక్కి ఎల్లి పడుకో."

"ఒగ్గీడానికి ఇంతదూరం రాలేదండి. పాట ఇనండి. నిన్న కొంచెం కట్టినాను."

"ఏదీ, పాడు."

"'చందమామ కొలువులోన సల్లని దేవదూతా, ముత్యాల ఊయలలోన...'"

"ఆగాగు. ముత్యాల ఊయల మీ ఇంట్లో ఉన్నాదా?"

"ఎక్కడిదండీ? పాత సీర కట్టినాం, కొక్కేనికి."

"దేవదూతని ఎప్పుడైనా సూసినావా?"

"మందిరంలో గిటారు వాయించే మీరే అలాగంటే ఎలాగండి?"

"మందిరం పాట ఎవులో ఎప్పుడో కట్టీసినారు, అది అందరిదీ. సొంత పాట కావాలన్నది నువ్వు. ఊళ్ళో ఉన్న జోలపాటలు బోలెడు, అందులో ఒకటి నేర్పుతానంటే ఒద్దన్నావు."

"ఒద్దు. అవి... ఒద్దు."

"అదే, ఎందుకని?"

"అవి అందరూ ఎరిగినవి. ఇన్నా ఇన్నట్టుండదు."

"నీ మనవరాలికి అదేటి తెలుస్తాది? ఇంకా పాకుతున్న పిల్ల."

"మళ్ళీ సీ పట్టనా?"

"మాట తప్పించకు. పోనీలే. మీ అమ్మాయి ఏంజలిన్ ఏది, మందిరంలో కనబడ్డం మానేసినాది? పురిటికొచ్చిన పిల్ల ఇంకా మీ ఇంట్లోనే ఉన్నాదన్నారే."

"ఉన్నాది. ఒంట్లో... బాగోలేదండి."

"జొరమా?"

"అలాంటిదే. సీ పడతాను, సూడండి."

"ముందు గిటారు కింద పెట్టు. పాట మాటెత్తకు. ఈరోజు నువ్వేటి సేసినావో సెప్పు."

"ఏటుంటాది? దుప్పట్లు. తడివి ఆరెయ్యడం, ఆరినవి దించడం, మడత, కట్ట. మళ్ళీ దించడం, మడత, కట్ట. ఒక మిషను ఆగిపోనాది, సూపర్‌వైజరు దాదా అరిసినాడు. అంతే."

"ఏం దుప్పట్లు? తెలీనోడికి సెప్పినట్టు సెప్పు."

"మీకు తెలీదా ఏటి?"

"తెలీదనుకో."

"రైల్లో జనం కప్పుకున్నవండి. ఎవులెవులో. ఒకదాని మీద టీ మరక, ఒకదాని మీద కాటుక. పాపం ఎవులో ఏడ్సినట్టున్నారు అనుకుంటాను. ఊరొచ్చీసరికి అందరూ లెగిసి ఎల్లిపోతారు గదా. ఎంత ఏడ్సినోళ్ళైనా. లోకమంతా లెగిసిపోనాది, దుప్పటి నా సేతికొచ్చినాది."

"అదీ! ఆ మాట మళ్ళీ అను. జీ పట్టుకొని అను."

"ఏ మాట?"

"లోకమంతా లెగిసిపోనాది."

"'లోకమంతా లెగిసిపోనాది... దుప్పటి నా సేతికొచ్చినాది...' ఇది పాటేటండీ? ఎవులైనా ఇంటే నవ్వుతారు. సిగ్గేస్తంది."

"సిగ్గేసిందంటే అది నీదే. నేను రైల్వే వర్క్‌షాపులో సేరినప్పటినించీ గిటారు వాయిస్తన్నాను దోర్కా. అన్నీ ఒకరి పాటలే. ఆ సిగ్గుకి బయపడే సొంతది ఒక్కటీ కట్టలేదు. కానీయ్. సీకి మారు."

"'లోకమంతా లెగిసిపోనాది, దుప్పటి నా సేతికొచ్చినాది. నీ దుప్పటొక్కటీ మడత పడలేదు, తల్లీ, నువ్వెప్పుడు లెగుస్తావు...'"

"సూసినావా, సీ పలికినాది!"

"పలికినాదా? నేను సూసుకోలేదండి."

"సూసుకోలేదు గనకే పలికినాది. బాగున్నాది. కానీ ఒక్కటి మార్సాల. జోలపాటలో పిల్లని పడుకోమంటారు గాని, లెగమంటారేటి?"

"అలాగే ఉండనీయండి."

"నిద్దరపోయే పిల్ల లెగిసి కూకుంటాది."

"లెగదండి."

"నువ్వీ గొంతుతో పక్కనే పాడితే..."

"లెగదు మాస్టారూ. దానికి ఇనిపించదు."

"ఏటన్నావు?"

"పుట్టుకతోనే. డాక్టరు దీదీ రెండు సార్లు పరీక్స సేసి సెప్పినాది. యార్డులో ఇంజను కూత పెట్టినా తల తిప్పదు."

"మరి నాకెందుకు సెప్పలేదే అమ్మా? ఇన్నాళ్ళూ ఇక్కడ కూకొని..."

"సెప్తే నేర్పుతారా? ఇనబడని పిల్లకి గిటారెందుకంటారు."

"అంటాను. ఇప్పుడూ అదే అడుగుతున్నాను."

"ఆ ఆదివారం మందిరంలో దాన్నెత్తుకొని మీ పక్కన కూకున్నాను, గేపకముందా? మీరు వాయిస్తంటే, వంగి మీ గిటారు సెక్కకి సెంప ఆనించి నవ్వినాది. అంతకు ముందు అది నవ్వగా నేను సూడలేదండి. ఇంటికాడ కూడా నవ్వుతాదని నేర్సుకుంటానన్నాను. ఇప్పుడు నేను తీగ మీటితే సాలు, పాకుతా వచ్చి సెంప ఆనిస్తాది."

"అయ్యో తల్లీ, అందుకా!"

"మాస్టారూ, మీరు కళ్ళు తుడుసుకోకండి. నాకు మళ్ళీ సీ రాదు."

"లేదులే. ధూళి. మరైతే దానికి సెక్క వణుకు సాలు గదా? ఒక్క జీ మీటినా నవ్వుతాది. డ్యూటీ దిగి, నడుం ఇరిగి, ఈ మాటల కోసం ఎందుకమ్మా ఇంత యాతన? ఇనబడని పిల్లకి మాటలెందుకు?"

"మాటలు పిల్లకి కాదు మాస్టారూ. దానమ్మకి. డాక్టరు సెప్పినకాడినించీ మా ఏంజలిన్ గోడకేసి తిరిగి పడుకున్నాది, దుప్పటి తియ్యదు. దానికి ఇనిపిస్తాది."