గోడ అడుగున గాలి కన్నాలు

ఏదీ, గీసుకొచ్చిన కాగితం ఇలా పట్టుకో తల్లీ, నా కళ్ళజోడు ఎక్కడ చచ్చిందో. ఆఁ, మన మెథడిస్టు చాపెలే. మూడు వైపులా పైన గ్యాలరీ, దాని కింద సన్నటి ఇనప స్తంభాలు, ఎదురుగా నట్టనడుమ పాస్టరుగారు నిలబడే ఎత్తు వేదిక, రంగుల్లేని పొడుగు గాజు కిటికీలు. బాగానే వేశావు. బొమ్మా లేదు, బంగారమూ లేదు. ఏ మూల కూర్చున్నా మాటా పాటా చెవిన పడాలి, అంతే వాళ్ళకి కావలసింది. వినడం కోసం కట్టిన ఇల్లది. ఏమిటీ, బయట గోడ అడుగున ఈ జాలీలా? ఎలుకల కోసమని చెప్పాడా మీ నాన్న? వాడి మొహం. అవి గాలి కన్నాలు. అప్పట్లో నేల బండలు కాదు, చెక్క. చెక్క కింద మోకాలి లోతు బోలు. గాలాడకపోతే కుళ్ళిపోతుందని ఆ కన్నాలు. ఆ చెక్క పరిచింది మా నాన్నే.

మా పెద్దక్క సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. పుట్టు చెవుడు, మాట లేదు. చాపెల్లో అందరూ నోళ్ళు తెరిచి పాడుతుంటే బిక్కమొహం వేసుకుని చూసేది. ఇంటికొచ్చాక నా నోట్లో వేలు పెట్టి వెతికేది, లోపల ఏం దాచానో అని. నేను కొరికేవాణ్ణి, అది వేరే సంగతి. ఓ రోజు నాన్న షెడ్డులో పొడుగాటి చెక్క పలకకు మేకులు కొడుతున్నాడట. అటు చివర ఇది అరచెయ్యి ఆనించి పకపకా నవ్వుతోంది. కొట్టడం ఆపితే నవ్వు ఆగింది. మళ్ళీ కొడితే మళ్ళీ నవ్వు. ఇక పనీ పాటా మానేసి అలా కొడుతూనే కూర్చున్నాడని అమ్మ చెప్పేది. ఆ తర్వాత చాపెల్ నేల పని ఆయనకొచ్చింది. ఆర్గన్ కాళ్ళ దగ్గర నుంచి అక్క కూర్చునే బెంచీ కిందిదాకా ఎక్కడా అతుకు లేకుండా పలకలు పరిచాడు.

ఇక చూడు. అందరూ బూట్లతో నిలబడితే ఇది విప్పి బెంచీ కిందకి తోసేసేది. పాట ఎత్తుకోగానే కళ్ళు మూసుకునేది. ఆగగానే అందరితో పాటు టక్కున కూర్చునేది. దానికి చెవుడంటే కొత్తవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. పాడేవాళ్ళకంటే అదే నయం, శ్రుతి తప్పదు అనేది మా మేనత్త, నావైపే చూస్తూ.

ఏళ్ళు గడిచాక చెద పట్టింది. బండలు వేద్దామని పెద్దలన్నారు. నాన్న వెళ్ళి గోటితో నొక్కి చూసి, ఇక లాభం లేదు, తీసేద్దాం అని ఆయనే అన్నాడు. ఆయనే పీకాడు కూడా. అక్క బెంచీ కింది పలకలు కొన్ని బాగున్నాయని తెచ్చి షెడ్డులో నిలబెట్టాడు. బోలంతా మట్టి కొట్టి పైన బండలు పరిచేశారు.

అక్కకి ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. ఆదివారం అలవాటుగా బూట్లు విప్పింది. బండ చల్లగా తగిలిందేమో, కాలు తీసి మళ్ళీ పెట్టింది. పాట మొదలైంది, అయిపోయింది. అందరం కూర్చున్నాం. అది కళ్ళు మూసుకుని నిలబడే ఉంది తల్లీ. అరికాళ్ళకి ఏమీ తగల్లేదు కదా, పాట ఇంకా మొదలవలేదనుకుంది. పాస్టరుగారు బైబిలు తెరిచి పట్టుకుని అలాగే ఆగిపోయారు. నాన్న చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. మరి అది చాపెల్ గడప తొక్కలేదు. ఎంత బతిమాలినా రాలేదు.

"దాని చెవులు నా చేత్తో నేనే పీకేశాను," అన్నాడు నాన్న ఒకసారి అమ్మతో. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన పోయినప్పుడు శవపెట్టె చేయడానికి ఇంట్లో మంచి చెక్క అదొక్కటే. అన్నయ్యా నేనూ షెడ్డులో నిలబెట్టిన ఆ పలకలతోనే చేశాం. అక్క ఆ రోజు వచ్చింది. పెట్టె పక్కనే నిలబడి మూత మీద చెయ్యి వేసింది, నాన్నని తడుముతున్నట్టు. చాపెల్ నిండా జనం, పైన గ్యాలరీలో కూడా. ఆర్గన్ ఎత్తుకుంది, అందరూ గొంతులెత్తారు. అక్క ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. మళ్ళీ వేసింది. రెండో చెయ్యి కూడా వేసింది. కళ్ళు మూసుకుంది. మేనత్త పట్టుకోబోతే నేనే వద్దన్నాను. పాట ఆగింది. అక్క చేతులు తీసి, వెనక్కి వచ్చి బెంచీలో కూర్చుంది. అందరితో పాటే, సరిగ్గా అప్పుడే.

ఆ కాగితం చుట్టిపెట్టు తల్లీ, మడతలు పడతాయి. మంచినీళ్ళు ఉంటే కాస్త ఇవ్వు.