మోచేతి దగ్గర చిల్లు

యోగ్యకర్త నగరంలో ఆ ఉదయం వాన పట్టు వదలడం లేదు. కెమిస్ట్రీ ల్యాబులో పరీక్షకి ఐదు నిమిషాలే ఉంది. ల్యాబ్ కోట్లు తనిఖీ చేసే సీనియర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న అమ్మాయికి కాలు ఒకచోట నిలవడం లేదు.

"చేతులు చాపు. మోచేతి దగ్గర ఈ చిల్లేంటి?"

"ఎలుక కొరికిందన్నా."

"ఎలుక కొరికితే అంచులు మాడతాయా? పో, వేరే కోటు తెచ్చుకో."

"ఇప్పుడెక్కణ్ణుంచి తేను? ఈ పరీక్ష తప్పితే ఏడాదంతా గంగలో కలిసినట్టే!"

"చిల్లు కోటుతో పంపను."

"సరే, నిజం చెప్తా. ఇది మా అక్క కోటు. దీని మీద యాసిడ్ పడిందట. అయినా అక్క చేతి మీద చిన్న మచ్చ కూడా లేదు. అంత గట్టి కోటన్నా ఇది!"

అతను వంగి, జేబు మీద కుట్టిన పేరు చదివాడు.

"నువ్వు లరసతి చెల్లెలివా?"

"అవును. మీకు తెలుసా?"

"యాసిడ్ ఎవరు ఒలికించారో చెప్పలేదా మీ అక్క?"

"ఎన్నిసార్లడిగినా సీసా జారిందనే అంటుంది. అన్నా, గంట కొట్టేస్తున్నారు!"

"జారింది నా చేతిలోంచే."

అతను గబగబా తన కోటు బొత్తాలు విప్పాడు.

"ఆ కోటు మీ అక్కని కాపాడింది. ఆ చిల్లుతో అది నిన్ను కాపాడదు. ఇది వేసుకుని పరిగెత్తు."

"మరి మీరో?"

"నేను గుమ్మం బయటే ఉంటా. కోటు లేనివాణ్ణి లోపలికి రానివ్వకూడదుగా."