అడిగినంతా ఇచ్చేశారు

మధ్యాహ్నం బట్టల కొట్టులో బేరాలు లేవు. గుడ్డ తాను చుడుతున్న తండ్రి ముందుకు కూతురు కాలేజీ నుంచి నేరుగా వచ్చి నిలబడింది.

"నాన్నా, విదేశీ యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ చదివొచ్చే ఫారంలో సంతకం పెట్టమంటే, దాన్ని ఏడాదిగా దిద్దావా?"

"ఏడాది అడిగితేనేనమ్మా, కోసి కోసి ఆరు నెలలిస్తారు. ఆరే అడిగితే మూడిచ్చి పొమ్మంటారు."

"వాళ్లేమీ కోయలేదు. ఏడాది మొత్తానికీ సీటిచ్చేశారు!"

"ఒక్క మాటైనా అనకుండానా? వాళ్లేం మనుషులమ్మా!"

"రెండో సెమిస్టర్‌లో నాకిక్కడ ల్యాబ్ ఉంది. అది తప్పితే డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది. నీ చేతికిచ్చాను చూడు, నన్ననాలి."

"ముప్పై ఏళ్లలో ఈ కొట్టుకొచ్చిన ఒక్కరూ చెప్పిన ధరకి ఒప్పుకోలేదే!"

"ఇది చీరల బేరం కాదు నాన్నా! ఇవాళ సాయంత్రంలోగా రాస్తే తగ్గిస్తారట. ఇదిగో, ఫోన్‌లో మెయిల్ రాస్తున్నాను."

"ఆగాగు. ఎంతకి తగ్గించమంటున్నావు?"

"ఒక సెమిస్టర్‌కి."

"పిచ్చిదానా, నెల రోజులని రాయి! వాళ్లు బతిమాలి బతిమాలి సెమిస్టర్ దగ్గర తెగ్గొడతారు."

"నువ్వు ఆ తాను చుట్టుకో నాన్నా. నేను అవతల బస్టాపులో నిలబడి రాసుకుంటాను."